డోర్కాస్ అన్న ‘ఔ’

పరిశోధనలకు అనుమతులిచ్చే కమిటీ పెద్దలారా, డోర్కాస్ మాట్లాడిన టేపును చెరిపేయమని రాసింది మీరే. ఆమెను ఒక్క మాట అడగకుండా రాశారు.

జరిగింది వినండి. నాంపల్లి స్టేషన్ వెనక మందుల కవర్లు అంటించే షెడ్డు ఉంది. బుద్ధి ఎదగలేదని అందరూ పక్కన పెట్టిన పెద్దవాళ్లు అక్కడ పని చేస్తారు. డోర్కాస్‌కు ముప్పై నాలుగేళ్లు. ఆమె అంటించిన కవరు ఊడదు. ఈ ఏడాది, 2003లో, వీళ్ల బతుకు మీద పరిశోధనకని మృదుల వచ్చింది. డోర్కాస్ వాళ్లన్న జయరాజ్ ఆమె బదులు సంతకం చేసిన ఒప్పుకోలు ఫారం చేతిలో ఉంది. అయినా డోర్కాస్‌ను అడిగింది.

“నాతోని మాట్లాడతవా అక్కా?”

“ఔ.”

“రికార్డు చేసుకోనా?”

“ఔ.”

మృదుల టిక్కు పెట్టుకుంది. షెడ్డు చూసుకునే సుగుణమణి నవ్వింది. “మేడమ్, ‘నాకు కొమ్ములున్నయా’ అని అడుగు జర.”

“నాకు కొమ్ములున్నయా అక్కా?”

“ఔ.”

షెడ్డంతా నవ్వింది, డోర్కాస్ అందరికంటే గట్టిగా.

“ఆమె ఔ అంటే విన్న అని. ఒప్పుకున్న అని కాదు” అంది సుగుణమణి.

మృదుల టిక్కు కొట్టేసింది. ఉస్మాన్‌గంజ్ నుంచి కవర్లకు కాగితం తెచ్చిన నేను అక్కడే ఉన్నాను. మృదుల మీద గౌరవం అప్పుడే పుట్టింది. టేపు రికార్డరు డోర్కాస్ చేతికిచ్చి, ఏ మీట నొక్కితే మాట ఎక్కుతుందో, ఏది నొక్కితే ఆగుతుందో చూపించింది. మూడు రోజులు డోర్కాస్ ఆపే మీటే నొక్కింది. మూడు రోజులూ మృదుల పక్కన కూర్చుని కవర్లు అంటించి పోయింది. నాలుగో రోజు డోర్కాస్ చేతుల జిగురు తుడుచుకుని, ఎక్కించే మీట తానే నొక్కింది.

“గిప్పుడు అడుగు.”

అడగక ముందే చెప్పేసింది. “చర్చిల పాట పాడాలె నేను. అన్న వద్దంటడు, నలుగురు నవ్వుతరంటడు. కాయిదం మీద గూడ అన్ననే సంతకం జేసిండు. గది నా పేరు గద?”

ఒక చరణం పాడి, తానే ఆపింది.

ఎన్నో ధర్నాలు చూశాను. ఇంత సూటి మాట ఏ మైకులోనూ వినలేదు.

ఇంటికి పోయి డోర్కాసే అన్నకు చెప్పింది. దాచుకునే మనిషి కాదు. జయరాజ్ ఆబిడ్స్‌లో మీ ఆఫీసుకొచ్చి, “మా ఇంటి మాట బజార్ల పెడ్తరా?” అని సంతకం వెనక్కి తీసుకున్నాడు. వెంటనే టేపు చెరపమన్నారు మీరు. ఆమెను కాపాడుతున్నామట! ఎవరి నుంచి? ఆమె నోటి నుంచా?

చెరపడానికి సోమవారం గడువు. చెరపమంటావా అని మృదుల డోర్కాస్‌నే అడిగింది. ఈసారి ఆమె ‘ఔ’ అనలేదు.

“ఉంచు. నాది” అంది.

టేపు ఉంచండి. ఫారం మార్చండి. సోమవారంలోపు షెడ్డుకొచ్చి ఆమెనే అడగండి. ఆమె ‘ఔ’ అనగానే టిక్కు పెట్టకండి. రికార్డరు చేతికిచ్చి, ఆ చెయ్యి ఏ మీట మీదికి పోతుందో చూడండి.