కుళాయి దగ్గర భూమి

నేను ఒక ఆవగింజను. కొంతకాలం భూమిగా కూడా పనిచేశాను. గొప్పలు చెప్పుకుంటున్నాననుకోకండి, జరిగింది జరిగినట్టే చెబుతాను.

పుట్టింది ఎక్కడో నల్లరేగడి చేలో. కళ్లంలో దులిపారు, జల్లెడ పట్టారు, మండపేటలో ఒక కిరాణా కొట్టువాడు పొట్లం కట్టాడు. అలా సత్యవేణి పోపులపెట్టెలోకి వచ్చాను. అక్కడ ఆవగింజ జాతకం తెలిసిందేగా. ఇవాళ కాకపోతే రేపు, కాగే నూనెలో చిటపట.

సత్యవేణి అంగన్‌వాడీలో ఆయా. అక్కడి టీచరు పోస్టు ఖాళీ అయింది. అది కావాలంటే పదో తరగతి ప్యాసవ్వాలి. నలభై దాటాక ఓపెన్ స్కూల్లో చేరి అన్నీ గట్టెక్కించింది కానీ, సైన్సు దగ్గర ఆగిపోయింది. సూర్యుడు దగ్గరకొస్తే ఎండాకాలం, దూరం జరిగితే చలికాలం అని రాసి వచ్చింది మరి. ఈసారి కూడా తప్పితే ఆ కుర్చీలో ఇంకెవరో కూర్చుంటారు.

కోట్ల కిలోమీటర్లు ఆమె బుర్రకెక్కలేదు. సూర్యుడు చిన్న గుమ్మడికాయంత అయితే భూమి ఆవగింజంత అని క్లాసులో పంతులమ్మ చెప్పింది. దూరాలు కూడా ఆ లెక్కనే కట్టి ఇచ్చింది. వెంటనే సత్యవేణి పోపులపెట్టె తీసి వంటగట్టు మీద మమ్మల్ని వరసగా, పక్కపక్కనే పేర్చింది. పెళ్లి పంక్తిలో విస్తళ్లలా ముచ్చటగా ఉన్నాం. కానీ లెక్క ప్రకారం ఆ గట్టు బుధుడికి కూడా చాలదు. పైగా సూర్యుడు లేడు. గుమ్మానికి వేలాడుతున్న దిష్టి గుమ్మడికాయ మీద ఆమె కన్ను పడింది.

"దాన్ని దించేవంటే ఊరుకోను. దిష్టికి కట్టింది దించకూడదు," అన్నాడు భర్త నూకరాజు.

"అయితే సూర్యుడు అక్కడే ఉంటాడు. మిగతావోళ్లే కదలాలి," అంది సత్యవేణి.

అలా మేం వీధిన పడ్డాం. బుధుడు బొంబాయిరవ్వ పలుకు, అరుగు దాటగానే ఆగిపోయాడు. శుక్రుడు నా తోడి ఆవగింజే, పక్కింటి గేటు దగ్గర. నన్ను వీధి కుళాయి గట్టు మీద పెట్టింది. అంగారకుడు గసగసాల గింజ, కుళాయి అవతలి ఇంటి ముందు. గురుడు గోళీకాయ, వీధి మలుపులో. ఆఖరివాడైన నెప్ట్యూన్ ఒక శనగగింజ, వాణ్ణి పెట్టడానికి రైసుమిల్లు దాకా నడిచి చెమటలు కక్కుతూ వచ్చింది. అక్కడినుంచి చూస్తే గుమ్మడికాయ కనబడనే లేదట. వాడికి ఒక ఏడు గడిచేలోపు ఇక్కడ ముని మనవలు పుట్టుకొస్తారు.

నూకరాజు ఆటో తీస్తూ నవ్వాడు. "ఏవే, ఇయ్యాల పోపు ఈదిలో పెడతన్నావేంటి?"

"ముందు ఆటో ఆపు. శుక్రుణ్ణి తొక్కేత్తావు!"

ఆపాడు. ఊరికే ఆపలేదు, మెలిక వేశాడు. "జనవరిలో భూమి సూర్యుడికి దగ్గరుంటదని నిన్న సదివేవు కదా. మరి జనవరిలో దుప్పట్లెందుకే మనకి?"

సత్యవేణి నా పక్కన చతికిలబడి పుస్తకం తిరగేసింది. కాసేపటికి నన్ను వేలితో గుమ్మడికాయ వైపు జరిపింది, మూరెడు.

"ఇంతేనయ్యా. ఇంటికాణ్ణించి కుళాయిదాకా ఉన్న దూరంలో, ఏడాది మొత్తానికి భూమి జరిగేది మూరెడు. దానికి చలి పోద్దేంటి? భూమి ఒంగి తిరుగుతాది. జనవరిలో మన వైపు అవతలకి ఒంగుద్ది, సూర్యుడు నెత్తికెక్కడు, పక్కనించి కొడతాడు. పొద్దూ చిన్నదే."

నూకరాజు తల గోక్కుని ఆటో వెనక్కి తీసుకున్నాడు.

పరీక్షనాడు నన్ను కొంగున ముడేసుకుని పెద్ద బడికి వెళ్లింది. ప్రాక్టికల్స్‌లో మాస్టారు జనవరిలో చలెందుకనే అడిగారు. ఆమె ముడి విప్పి నన్ను బల్ల మీద పెట్టింది.

"ఇది భూమండి. సూర్యుడు మా గుమ్మానికి ఏలాడతన్నాడండి."

మాస్టారు పడీపడీ నవ్వారు. సత్యవేణి నవ్వలేదు. కళ్లు మూసుకుని తన వీధిలో నడవడం మొదలుపెట్టింది. పక్కింటి గేటు దగ్గర శుక్రుడికి మందపాటి గాలి దుప్పటి, సీసం కరిగే వేడి. కుళాయి అవతల నీళ్లు గడ్డకట్టే చలి. కుళాయి దగ్గర మాత్రం నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. మూరెడు సంగతీ చెప్పింది, ఒంపు సంగతీ చెప్పింది. మాస్టారి నవ్వు ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు.

"సరేనమ్మా. మీ భూమిని తీసుకెళ్లండి," అన్నారాయన మార్కులు వేసి.

ఫ్యాను గాలికి నేను అప్పటికే దొర్లిపోయాను. సత్యవేణి బల్ల కింద వెతికి లేచింది. "పోనీలెండి, ఇంట్లో డబ్బా నిండా ఉన్నాయి."

భూమి గురించి అంత తేలిగ్గా మాట్లాడగలిగేది మనుషులే.

ఊడ్చినవాళ్లు నన్ను బయట గోడవారకు నెట్టారు. వానకు మొలిచాను. సర్టిఫికెట్ తీసుకుని సత్యవేణి నా పక్కనుంచే వెళ్లింది, నన్ను చూడలేదు. గేటు బయట ఆటో హారన్ మోగింది.

"టీచరమ్మగారూ, ఎక్కండి! అంగనోడీకేగా?"

నేను నా రెండాకులూ ఎండకేసి తిప్పుకున్నాను. ఆ నిప్పు ఇంకాస్త దగ్గరుంటే మాడేదాన్ని, ఇంకాస్త దూరముంటే మొలకెత్తేదాన్నే కాదు.