సత్తం పెంచు

వైరు చుట్టను మోచేతి మీద తిప్పుకుంటూనే తణికాచలం ఎడమ బొటనవేలితో ఫోను నొక్కాడు. ఆ రోజు పాట గ్రూపులోకి పోయింది. దాని కింద తన గొంతు కూడా పంపాడు.

"ఇది శోళవరం ఏరి చెరువు కట్ట కింద నాట్లేసేటప్పుడు పాడింది. పోయిన ఆదివారం దొరికింది. వారమంతా ఇదే ఇంటా ఉండాను. మీరూ ఇనండి."

తిరువళ్ళూరు రైల్వే గేటు దగ్గర జనార్ధనం మైక్‌సెట్ కొట్టులో అతనికి ఇరవై రెండేళ్లు గడిచాయి. పెళ్లికీ, తిరునాళ్లకీ, చావుకీ అదే పెట్టె, అవే స్పీకర్లు. యాభై నాలుగేళ్లకే కుడిచెవి సగం పోయింది. బరువులు మోసి మోసి ఒక భుజం కిందికి జారింది. వేళ్ల చివర్లు టంకం వేడికి కాలి నున్నగా అయిపోయాయి. ఆ వేళ్లతోనే మూడేళ్లుగా పల్లె పల్లెకూ తిరిగి ముసలమ్మల దగ్గర తెలుగు పాటలు ఫోనులో పట్టుకున్నాడు. అరవై రెండు అయ్యాయి. తెలుగు రాయడం రాదు కాబట్టి ఒక్కోదానికీ పేరు అరవంలో రాసుకున్నాడు.

నలభై ముగ్గురు చుట్టాలున్న గ్రూపది. రోజూ ఒక పాట పెడతాడు. రోజూ దాని నెత్తిన ఎవరో ఒకరు గులాబీ పువ్వు బొమ్మ పెట్టి పోతారు. విన్నామని చెప్పిన నాథుడు లేడు. బాగాలేదని తిట్టినా కొంత నయం, తిట్టాలన్నా వినాలి కదా అని అతని మంట.

ఫోను మోగింది. పట్టాభిరామ్‌లో ఉండే బామ్మర్ది చంద్రు. గ్రూపు అతనిదే.

"బావా, పొద్దన్నే ఈ ఏడుపు ఎవురు ఇంటారు చెప్పు. మొన్న మేము కొత్తింట్లో పాలు పొంగిచ్చే పొద్దు ఒప్పారి పెట్టినావు. మా అత్త ముందర తల ఎత్తుకోలేకపోయినా. ఇంగొక సావు పాట వచ్చిందంటే నిన్ను గ్రూపులోనించి తీసేస్తా."

"ఇది సావు పాట కాదురా. నాట్ల పాట."

"నాకు రెండూ ఒకటే."

తణికాచలం ఫోను జేబులో కుక్కి వైరు చుట్టను వ్యానులోకి విసిరాడు. నాటుకీ చావుకీ తేడా తెలియని వెధవ. వీడి నాయనమ్మ పాడిన పాటే అది, ఆమె పక్కనే నిలబడి పాడిన మనిషి దగ్గర తను పట్టి తెచ్చాడు. ఎవరికి కావాలి?

ఆ రోజు పని తిరుత్తణి పక్కన అతని తల్లి పుట్టిన పల్లెలో. వల్లెమ్మ అనే ముసలమ్మ పోయింది. వార్త వినగానే అతనికి సంతోషం కలిగింది, ఆ సంతోషానికి తన మీద తనకే అసహ్యం వేసింది. సంగతేమంటే, ఆ ఊళ్లో కుప్పమ్మవ్వ ఉంది. వల్లెమ్మకు ఆడబిడ్డ. ఎనభై దాటింది. ఒప్పారి పాడేవాళ్లలో చచ్చినవాళ్ల బతుకంతా అప్పటికప్పుడు పాటలో పెట్టగలిగింది ఆ చుట్టుపక్కల ఆమె ఒక్కతే మిగిలింది. చావు లేని ఇంట్లో ఒప్పారి పాడితే ఆ ఇంటికి చావు వస్తుందని పట్టింపు. రెండేళ్లుగా ఎన్నిసార్లు అడిగినా, "ఎవురు సచ్చినారని పాడేదిరా, మీ అమ్మా నాయనా ఎప్పుడో పోయిరి, నువ్వు సావు, పాడతా" అని తరిమింది. అందుకే ఈ రోజు తప్పితే ఆ పాట ఇక దొరకదు. ఆమెకు ఇంకో చావు దాకా ఆయుష్షు ఉంటుందని ఎవరు చెప్పగలరు?

పందిరి కింద ఐసు పెట్టెలో వల్లెమ్మ పిడికెడంత ఉంది. కొడుకు వెంకటపతి తెల్ల చొక్కా వేసుకుని వచ్చినవాళ్లకు కుర్చీలు చూపిస్తున్నాడు. కరెంటు ఇంటి వెనక గొడ్ల కొట్టంలోనించి తీసుకోవాలన్నాడు. తణికాచలం వైరు పట్టుకుని అటు పోబోతే చేతిలోంచి లాక్కున్నాడు.

"నువ్వు ఉండన్నా, నేనే గుచ్చి వస్తా."

స్పీకర్లలో అరవ ఒప్పారి మొదలైంది. ఎక్కడో స్టూడియోలో ఎవరో కూలికి ఏడ్చిన ఏడుపు. ప్రతి చావుకూ అదే గొంతు, అదే అమ్మ. తణికాచలం దాన్ని బాగా తగ్గించి పెట్టి, ఫోను రికార్డింగులో పెట్టుకుని ఆడవాళ్ల పక్కకు జరిగాడు.

కుప్పమ్మవ్వ వచ్చింది. రవిక లేని భుజాల మీద కొంగు బిగించి ఐసు పెట్టె అంచు పట్టుకుని కూచుంది. గొంతు సవరించుకుంది.

"అన్నా, సత్తం పెంచు," అన్నాడు వెంకటపతి వెనకనించి.

"అవ్వ పాడతా ఉంది కదప్పా. రోంత సేపు నిలుపుదాం."

"పెంచన్నా. ఊళ్లో మరియాద ఉండొద్దా?"

పెంచాడు. ఈ ఊరి మర్యాద అంతా చప్పుడులోనే ఉందని లోపల తిట్టుకుంటూ పెంచాడు. అవ్వ నోరు ఆడుతోంది, గుండె బాదుకుంటోంది, మాట మాత్రం వినపడదు. ఫోనును ఆమె నోటి దగ్గరికి జరిపాడు. స్టూడియో ఏడుపే ఎక్కింది. ఒళ్లు మండిపోయింది అతనికి.

అవ్వ నీళ్లు తాగడానికి ఆగింది.

"రోంత తగ్గించన్నా, తల నొస్తా ఉంది," అన్నాడు వెంకటపతి. తగ్గించాడు. అవ్వ చెంబు కింద పెట్టి మళ్లీ నోరు తెరిచింది. వెంకటపతి చెయ్యి పైకి లేచింది. "పెంచు, పెంచు."

మూడోసారి కూడా అలాగే జరిగాక తణికాచలం చెయ్యి బటను మీదే ఆగిపోయింది. వెంకటపతి పాటను వినడం లేదు, అవ్వ నోరు ఎప్పుడు తెరుచుకుంటుందా అని చూస్తున్నాడు. ఒప్పారిలో ఆడది ఏమైనా అనవచ్చు, ఎవరినైనా కడిగిపారెయ్యవచ్చు, ఎవరూ ఎదురు చెప్పకూడదు. అది ఆ పల్లెల్లో పాతకాలం నించీ ఉన్న హక్కు. నోరు ముయ్యమనలేరు. అందుకని మైక్‌సెట్ పెట్టిస్తారు.

పోయినేడు తామరైపాక్కంలో ఒకడు ఇలాగే పెంచమన్నాడు. అంతకు ముందు ఇంకొకడు. ఇరవై రెండేళ్లలో ఎన్ని ఇళ్లు. ఎంతమంది ముసలమ్మల నోళ్లు తన చేతులతో మూశాడు. ఆ పాటలు పోయాయి పోయాయని ఊరూరా తిరిగి ఏరుకుంటున్నదీ తనే. థూ, నా బతుకు అనుకున్నాడు. కోపం అరికాళ్లనించి నెత్తికెక్కింది.

పెట్టెకు గుచ్చిన వైరు కొస పట్టి ఒక్క లాగు లాగాడు.

ఊరు ఒక్కసారిగా మూగపోయింది. ఆ నిశ్శబ్దంలోకి కుప్పమ్మవ్వ గొంతు, గరుకుగా, ఎక్కడా తడబడకుండా వచ్చింది.

*ఇల్లు కట్టిన సేతులకే వదినా, ఇంట్లో ఎడం లేకపాయె*
*గొడ్ల కొట్టం నీ మేడాయె, గోనెపట్ట నీ పరుపాయె*
*సంగటి ముద్ద అడిగితేను, సరేలెమ్మని పోయినారే*
*అరిసి అరిసి గొంతెండెనే, ఆలకించే దిక్కు లేదే*
*పూలపల్లకి ఈ పొద్దు, ఎవురి కోసం వదినా*

కుర్చీల్లో మగవాళ్లు తలలు దించుకున్నారు. వెంకటపతి పెళ్లాం లేచి లోపలికి పోయింది. నాలుగు నిమిషాలు పాడింది అవ్వ. ఏడవలేదు. కొడుకు కళ్లలోకి చూస్తూ పాడింది. తణికాచలం ఫోనును ఆమె నోటి దగ్గరే పట్టుకున్నాడు.

పాట అయ్యాక వెంకటపతి అతని దగ్గరికి వచ్చాడు. గొంతు పెంచలేదు.

"ఎత్తుకోని పో."

"పోతా. మీ అమ్మను యాడ పండబెట్టినారో ఊరంతా ఇనింది. నాకది సాలు."

అప్పటికే ఎవరో జనార్ధనానికి ఫోను చేసినట్టున్నారు. ఆయన ఫోను చేసి, వ్యాను కొట్టు దగ్గర నిలిపి తాళం ఇచ్చేసి పొమ్మన్నాడు, రేపటినించి రావద్దన్నాడు. "సరే అయ్యా," అన్నాడు తణికాచలం. బతిమాలుకోవాలని కూడా అనిపించలేదు.

వ్యాను పక్కన నిలబడి పాటను గ్రూపులో పెట్టాడు. "ఇది ఒప్పారి. మన తిరుత్తణి పక్కన ఈ పొద్దే పాడింది. మీ మీ ఇండ్లల్లో ముసిలోళ్లు యాడ పండుకోనుండారో సూసుకోని ఇనండి." చంద్రు అతన్ని తీసేసేలోపల అది నలభై మూడు ఫోన్లకూ చేరింది.

మధ్యాహ్నం వల్లెమ్మను ఎత్తారు. తప్పెట్లు మోగుతూ సందు మలుపు తిరిగాయి, జనమంతా వెంట పోయారు, పందిరి ఖాళీ అయింది. స్పీకర్లు వ్యానులో పెట్టేశాడు. అంతసేపూ జనం కాళ్ల కింద ఉన్న వైరు, దాని రెండో కొస మిగిలాయి. చుట్టుకుంటూ వెనక్కి, గొడ్ల కొట్టంలోకి పోయాడు.

గొడ్లు లేవు. నులక మంచం, దాని మీద గోనెపట్ట, మూత్రం వాసన. ప్లగ్గు ఊడబీకాడు. మంచం తలాపున, పడుకున్న మనిషి చెయ్యి ఎత్తితే అందేంత ఎత్తులో, పిలుచుకోవడానికని ఎవరో ఒక ఆవుగంట కట్టారు. దాని నాలుకకు పాత లంగా గుడ్డ మూడు చుట్లు చుట్టి, పురికొసతో గట్టిగా ముడివేసి ఉంది.