ఉత్తర్వులో ఉండకూడని పేరు

టైపిస్టు బాబాయ్ మూడో పేజీ మధ్యలో ఉన్నాడు. జడ్జిగారు చెప్పింది చెప్పినట్టు కొట్టడమే ఆయన బతుకు. ముప్ఫై ఏళ్లు ఆస్తి తగాదాల కోర్టులో కొట్టాడు, రెండేళ్లుగా పిల్లల కోర్టులో కొడుతున్నాడు. కుడిచేతి ఉంగరపువేలు ఎప్పుడో వంకరపోయింది. "మీ నోరు మూగది, వేళ్లే వాగుడుకాయలు" అంటుంది భార్య. ఆయన నవ్వి ఊరుకుంటాడు.

ఎదుటి బెంచీ మీద పన్నెండేళ్ల పిల్ల, పక్కన వాళ్లమ్మ. తోటి పిల్లలు ఆ పిల్ల ఫొటోకి పంది మూతి అతికించి, కింద పేరు రాసి మరీ ఫోన్లలో తిప్పారు. నాలుగు నెలలుగా బడి మానేసింది. వాళ్లు రాసిన మాటలన్నీ పొద్దున ఒక్కటి కూడా మింగకుండా జడ్జిగారికి చెప్పింది. కొడుతున్న బాబాయ్‌కి చెమటలు పట్టాయి గానీ, ఆ గొంతు మాత్రం వణకలేదు.

ఇరవై నాలుగు గంటల్లో అవన్నీ తీసెయ్యాలి, ఆ పిల్ల పేరు ఎవరూ ఎక్కడా రాయకూడదు. ఇదీ ఉత్తర్వు. కుండ మూతికి మూకుడు పెట్టొచ్చుగానీ ఊరి నోటికి పెట్టగలమా అంటారు. ఆ మూకుడు ఇదిగో, తన ప్రింటర్లోంచి వెచ్చగా బయటికొస్తోంది! ఎన్నిసార్లు చూసినా బాబాయ్‌కి ఒళ్లు జలదరిస్తుంది.

ఫైలు కింది కంప్యూటర్ గదికి పంపేశాడు. నాలుగింటికి అక్కడ దాన్ని కోర్టు వెబ్‌సైట్లోకి ఎక్కిస్తారు. ఒక కాపీ తల్లి చేతికిచ్చాడు. పిల్లే అందుకుని చదివింది.

"తాతగారూ, ఇక్కడ నా పేరుంది."

బాబాయ్ ఆ కాగితం లాక్కుని చూశాడు. పిల్లల కేసుల్లో 'బాలిక' అనే రాయాలి. కానీ పేరూ, తండ్రి పేరూ, చిరునామా కొట్టి కొట్టి అరిగిన వేళ్లు ఆయన కన్నుగప్పాయి. పేరు రాయొద్దన్న వాక్యంలోనే పేరు! గడియారం చూస్తే నాలుగుకి మూడు నిమిషాలు తక్కువ.

రెండంతస్తులు దిగాలి. మోకాళ్ల నొప్పులు మరిచి పరిగెత్తాడు.

"ఆపు తల్లీ, ఆపు!"

ఆపరేటరమ్మాయి ఉలిక్కిపడి మౌస్ వదిలేసింది. "ఇంకా ఎక్కించలేదు బాబాయ్! ఏమైంది?"

అక్కడే దాన్ని చెరిపించి మళ్లీ మెట్లెక్కాడు. పైకొచ్చేసరికి ఊపిరి అందలేదు, ఎడమ భుజం గుంజుతోంది.

"తప్పు నాదేనమ్మా."

"ఆపేశారు కదా తాతగారూ. ముందు కూర్చోండి." పిల్ల తన మంచినీళ్ల సీసా మూత తీసి అందించింది.

అంతమంది నోళ్లలో నలిగిన పిల్ల. ఇంత దయ ఎక్కడ దాచుకుంది? ఆ నీళ్లు తాగుతుంటే తనకంటే ఎంతో పెద్దవాళ్ల ముందు కూర్చున్నట్టనిపించింది బాబాయ్‌కి. కళ్లు చెమర్చాయి, దాచుకోలేదు.

సరైన ఉత్తర్వు కొట్టి, రెండుసార్లు చదివి, సంతకం చేయించి తల్లికిచ్చాడు. వాళ్లు మెట్లు దిగే చప్పుడు చివరిదాకా విన్నాడు. తర్వాత తప్పు కాపీలు ముందేసుకుని చించడం మొదలుపెట్టాడు.

అయిదున్నరకి తలుపులు వెయ్యడానికి వచ్చిన గుమాస్తా, ఆయనకి కునుకు పట్టిందనుకుంది. "బాబాయ్, ఇల్లు లేదా ఏంటి?" అంది. భుజం తట్టాక గానీ ఆయన ఇక లేడని తెలియలేదు.

బల్ల మీద గుప్పెడు కాగితం ముక్కలు, ఏ రెండు కలిపినా ఆ పిల్ల పేరు రానంత చిన్నవి.