పెరటి తలుపుకు ఎర్ర ట్యాగు

మా ఆయన సీతారామరావు ఆదిత్యపూర్‌లో ఒక ఫౌండ్రీలో సేఫ్టీ సూపర్‌వైజర్‌గా చేసి రిటైరయ్యాడు. మెడకు గుడ్డ చుట్టుకోకుండా వచ్చిన కుర్రాణ్ణి గేటు దగ్గరే ఆపి ఇంటికి పంపేసిన మనిషి. అంతటి మహానుభావుడు ఇప్పుడు సీతారాండేరా కాలనీలో మా పెరట్లో, మే నెల మిట్టమధ్యాహ్నం, ఒట్టి బనీనుతో బెండమొక్కలకు గొప్పు తవ్వుతాడు. ఫౌండ్రీ కార్డుతో పాటు బుర్ర కూడా ఆ గేటు దగ్గరే అప్పజెప్పి వచ్చినట్టున్నాడు.

పక్కింటి రీనా టోపీ పెట్టుకుని, పొడుగు చేతుల చొక్కా వేసుకుని, మొహానికి క్రీము రాసుకుని గులాబీలకు నీళ్ళు పోస్తుంది. ఆమెను చూస్తే ఈయనకు ఎక్కడ లేని నవ్వు.

"ఏటమ్మా, మొక్కలకి నీల్లొయ్యడానికా, పెల్లికా?" అంటాడు గోడ మీంచి.

ఆ పిల్ల నవ్వి ఊరుకుంటుంది. నేను ఊరుకోను.

ఎందుకంటే ఆయన మెడ వెనక అరచేతంత కాలిన మచ్చ ఉంది. సూపర్‌వైజర్ కాకముందు, కరిగిన ఇనుము పోసే చోట, ఉక్కగా ఉందని రెండు నిమిషాలు మెడగుడ్డ తీశాడు. నిప్పు తుంపరలు ఎగిరిపడ్డాయి. తర్వాత కొత్తవాళ్ళకు ఆ మచ్చ చూపించే పాఠాలు చెప్పేవాడు. ఈ వేసవి ఎండకు అదే మచ్చ పగిలి పుండైంది. రెండు నెలలైనా మానలేదు. చర్మం డాక్టరు చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాడు. ఈసారికి భయం లేదన్నాడు. ఇలాగే ఎండలో మాడిస్తే మాత్రం క్యాన్సర్‌లోకి దిగొచ్చన్నాడు. పుండుకు కట్టు, చుట్టూ క్రీము, పైన గుడ్డ. పది నుంచి నాలుగు దాకా ఎండలోకి వద్దన్నాడు.

ఈయనగారు ఇంటికొచ్చి క్రీము ట్యూబును రెండు వేళ్ళతో, చచ్చిన బొద్దింకను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"ఫర్నేసు ముందు నిలబడ్డోణ్ణి. సూరీడు నన్నేటి సేత్తాడు? ఇయ్యన్నీ ఆడోల్లకి."

"పాపా, టోపీ తో పెహన్ లీజియే," అని ఈ హిందీ ఊళ్ళోనే పుట్టి పెరిగిన మా అమ్మాయి హిమబిందు, టోపీ అయినా పెట్టుకోమని బతిమాలింది.

"నువ్వెల్లి సదువుకోమ్మా," అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. భయమూ వేసింది. కానీ ఈ మనిషి ముందు భయపడితే మరీ అలుసు.

మర్నాడు పొద్దున్నే పాత ట్రంకుపెట్టె తెరిచాను. కార్ఖానాలో యంత్రం లోపల మనిషి దిగితే, ఎవరూ దాన్ని నడపకుండా స్విచ్చుకు తాళం వేసి ఎర్ర ట్యాగు కడతారు. ఆ తాళం వేసినవాడే తీయాలి. ఎంత పెద్ద సాహెబైనా ముట్టుకోకూడదు. రిటైరయ్యాక గుర్తుగా అలాంటి తాళం ఒకటి, ట్యాగు ఒకటి తెచ్చుకుని దేవుడి పటాల కంటే భద్రంగా దాచుకున్నాడు. పది కొట్టగానే పెరటి తలుపుకు ఆ తాళమే వేసి, ట్యాగు మీద నా పేరు రాసి కట్టాను.

పార భుజాన వేసుకుని వచ్చి ఆగిపోయాడు.

"ఏటిది? తాలం తియ్యి, పద్మా."

"ఏసినోల్లే తియ్యాల. మీరే కదా సెప్పీవోరు."

"రెండు నిమిషాలే. ఆ సివరి సాలుకి గొప్పు తవ్వేసి వచ్చేత్తాను."

"అప్పుడూ రెండు నిమిషాలే అన్నారు."

ఆయన చెయ్యి మెడ వెనక్కి వెళ్ళింది. సుత్తి మూలనే ఉంది. ఒక్క దెబ్బకు ఊడిపోయే గడియ అది. సుత్తి వైపు కన్నెత్తి కూడా చూడలేదు. ట్యాగు చేతిలోకి తీసుకుని, దాని మీద హిందీలో అచ్చేసింది మెల్లగా చదివాడు. ప్రమాదం, లోపల మనిషి ఉన్నాడు.

"లోపల ఎవుడున్నాడని కట్టేవు?"

"మీరే."

పార గోడకు ఆనించి, స్టూలు మీద కూర్చుని, నా వైపు మెడ వంచాడు. కన్నకూతురు బతిమాలితే వినలేదు, పెళ్ళాం మొత్తుకుంటే వినలేదు, ఇంత ఇనప ముక్కకు విన్నాడు. లోపల తిట్టుకుంటూనే పుండుకు కట్టు కట్టి, చుట్టూ క్రీము రాశాను.

నాలుగు దాటాకే తాళం తీశాను.