పున్నయ్య స్కూటరు, హన్మవ్వ ప్రశ్న

ఆ సాయంత్రం ఎడపల్లి పంచాయతీ ఆఫీసు అరుగు మీద, రేడియో ముందు, నలభై మంది దాకా కూర్చున్నారు. రైతుల కార్యక్రమంలో హన్మవ్వ పేరు చెప్తారని ఊరంతటికీ తెలిసిపోయింది.

హన్మవ్వకు అరవై దాటాయి. ఎకరంన్నర పసుపు చేను తానే చూసుకుంటుంది. 1971 వానలకు చేనులో మొక్కలు వాడిపోయి, పీకితే దుంప మెత్తగా కుళ్ళి వస్తోంది. ఏం చేయాలో చెప్పమని బడిపంతులు చేత హైదరాబాదు రేడియోకు ఉత్తరం రాయించింది.

"నిజామాబాదు జిల్లా ఎడపల్లి నుంచి హన్మవ్వగారు అడుగుతున్నారు..." అని వినపడగానే జనం చప్పట్లు కొట్టారు. హన్మవ్వ కొంగు సర్దుకుని కూర్చుంది.

సరిగ్గా అప్పుడే కాలువ దారిన పున్నయ్య స్కూటరు వచ్చింది. రేడియో గరగరమంది. పున్నయ్య తెనాలి వైపు నుంచి వచ్చి ఇక్కడ కాలువ కింద పొలం కొనుక్కున్న రైతు. నలుగురు కనిపిస్తే ఆగి పలకరించకుండా పోలేడు.

"ఏంటవ్వా, ఊరంతా ఇక్కడే ఉన్నారు?" అన్నాడు, బండి ఆపకుండానే.

"బంద్ జెయ్యి! ముందుగాల బండి బంద్ జెయ్యి!" అని అందరూ అరిచారు.

"ఆపితే మళ్ళీ స్టార్టు కాదండీ. నలభై సార్లు తన్నాలి."

సర్పంచి దేవన్న లేచి వెళ్లి బండిని తానే ఆపాడు. రేడియో గొంతు మళ్ళీ తేటగా వచ్చింది. "...ఇలా చేస్తే పంట దక్కుతుంది హన్మవ్వగారూ. ఇక రెండో ఉత్తరం..."

అరుగు మీద అందరూ హన్మవ్వ వైపు తిరిగారు.

"నా పేరు ఇనవడ్డది. జవాబే ఇనవడలే," అంది హన్మవ్వ. గొంతులో కోపం లేదు. అదే పున్నయ్యకు ఎక్కువ బాధ కలిగించింది.

"తప్పైపోయిందవ్వా. రేపు నిజామాబాదులో వ్యవసాయ ఆఫీసుకెళ్లి మీ జవాబు నేనే కనుక్కొస్తాను. ఈ బండి కూడా బాగుచేయిస్తాను."

"నువ్వు పోతే ఒక మాట ఇని ఇంకోటి చెప్తవు బిడ్డా. నేనే వస్త. గీ బండి రేడియో నోరు ముయ్యకుంట అయ్యిందో లేదో గది గూడ సూస్త."

మర్నాడు ఆమె సర్పంచి ఇంటి ట్రాన్సిస్టరు చంకన పెట్టుకుని బస్సెక్కింది. ఆ స్కూటరు ఎక్కనంటే ఎక్కనంది. మంచి పనే చేసింది. ఆమె నిజామాబాదులో, పున్నయ్య చెప్పిన ఆత్మారాం స్కూటర్ల షాపు ముందు బల్ల మీద కూర్చున్న గంటకు గానీ పున్నయ్య రాలేదు. ఆఖరి మైలు తోసుకుంటూ వచ్చాడు.

ఆత్మారాం నడివయసు మెకానిక్కు. ఇంట్లో మరాఠీ, షాపులో ఉర్దూ కలిసిన తెలుగు. సంగతంతా విని నవ్వాడు. బండి ఎలాగో స్టార్టు చేసి, ఇంజను పక్క మూత తీసి, పైన గోనెసంచి కప్పాడు.

"అవ్వా, గిటు రా. సంచి కింద తల పెట్టి సూడు."

హన్మవ్వ వంగి చూసింది. చీకట్లో ప్లగ్గు వైరు పొడుగునా సన్నటి నీలం మెరుపులు ఇనుము మీదికి దూకుతున్నాయి.

"అయ్యో, లోపల మిణుగురులున్నయి!"

"మిణుగురులు గాదవ్వా, కరెంటు. వైరు రబ్బరు పగిలింది. ప్లగ్గుకు పోవాల్సిన నిప్పు బయట దుంకుతున్నది. గా దుంకుడే రేడియోల గరగర. నిప్పు పుట్టించే కాయిల్ గూడ కమ్‌జోర్ అయ్యింది సార్, బలం తగ్గింది."

"మరి వైరొక్కటే మారిస్తే చాలదా?" అన్నాడు పున్నయ్య.

"చాలదు. ప్లగ్గు మీద వేరే తొడుగు పెట్టాలె. గది గరగరను ఆపుతది గానీ కొంచెం బలం మింగుతది. మీ పాత కాయిల్ గంత బలం ఇయ్యదు. పెద్ద కాయిల్, మందం వైరు, తొడుగు, మూడూ ఏద్దాం."

కొత్త కాయిల్ పాతదానికి రెండింతలుంది. పాత బోల్టు రంధ్రాలకు అతకలేదు. ఆత్మారాం కొత్త రంధ్రాలు వేసి బిగిస్తే ఇంజను మూత పడలేదు. విప్పి, రెండు వేళ్ల వెడల్పు వెనక్కి జరిపి మళ్ళీ బిగించాడు. మందపాటి నల్ల వైరును చట్రానికి తగలకుండా తోలు ముక్కతో కట్టాడు. ఈ లోపల హన్మవ్వ ట్రాన్సిస్టరు పెట్టి పాటలు వింటూ, మధ్యమధ్య "గా బోల్టు గట్టిగ తిప్పు నాయనా" అని చెప్తూనే ఉంది.

పున్నయ్య కాలు ఎత్తి తన్నాడు. ఇంజను మొదటి తన్నుకే అందుకుంది. నమ్మలేక ఆపి మళ్ళీ తన్నాడు. మళ్ళీ అందుకుంది. చిన్నపిల్లవాడిలా ఐదు సార్లు చేశాడు.

"అందరు గప్పుచుప్!" అంది హన్మవ్వ. ట్రాన్సిస్టరును ఇంజను పక్కకు తెచ్చింది. పాట ఎక్కడా తెగలేదు. పక్క టీ హోటల్లోని వాళ్లు కూడా వచ్చి విన్నారు. ఆత్మారాం చేతులు తుడుచుకుంటూ తనకే ఆశ్చర్యం వేసినట్టు తలాడించాడు.

"ఎక్కండవ్వా, ఆఫీసుకెళ్దాం."

ఆమె ఒక్క క్షణం బండిని చూసి, ట్రాన్సిస్టరును ఒళ్లో పెట్టుకుని వెనక సీటు మీద పక్కకు తిరిగి కూర్చుంది.

వ్యవసాయ ఆఫీసులో అధికారి ఓపికగా చెప్పాడు. చేనులో నీరు ఒక్క పూట కూడా నిలవకూడదు, సాళ్ల మధ్య లోతుగా కాల్వలు తీయాలి, కుళ్ళిన మొక్కలు పీకి దూరంగా కాల్చాలి, మిగిలినవాటి మొదళ్లలో మందు పోయాలి. హన్మవ్వ ప్రతి మాటా తిరిగి చెప్పి సరిచూసుకుంది.

తిరుగుదారిలో మొదట పున్నయ్య చొక్కా గట్టిగా పట్టుకుంది. మెల్లగా ఒక చేయి వదిలింది. దారికిరువైపులా చెరుకు గాలికి వంగుతోంది.

"జెర జోరుగ పోనియ్యి," అంది.

మర్నాడు పొద్దున్నే పున్నయ్య పారతో ఆమె చేనుకు వచ్చాడు. వద్దన్నా వినలేదు. ఇద్దరూ కలిసి పల్లం వైపు కాల్వ తవ్వుతుంటే నిలిచిన బురద నీరు మెల్లగా కదిలింది. ఆఖరి అడుగు మట్టి తెగ్గానే గలగలమంటూ పారింది.

"పోతున్నది సూడు, పోతున్నది!" అని హన్మవ్వ గట్టు మీద నుంచి కేకేసింది.

మధ్యాహ్నం ఆమె జొన్నరొట్టె, పచ్చికారం పెట్టింది. అన్నం తప్ప ముట్టని పున్నయ్య ఒకటి తిని, కారానికి కళ్లలో తిరిగిన నీళ్లు తుడుచుకుంటూ, ఇంకోటి అడిగాడు.