రాతి పడక మీద నిద్ర

తప్పులు దొర్లితే మన్నించండి. నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి, చేయి ఇప్పటికీ మెల్లగానే నడుస్తుంది.

కరోనా రెండోసారి ముదిరినప్పుడు నర్సవ్వ భర్త లింగమూర్తి పోయాడు. సూరత్‌లో మగ్గాల కార్ఖానా పని ఆయనది. మా వైపు చావు జరిగితే, భర్త పోయిన మనిషిని పుట్టింటివాళ్లు తీసుకెళ్లి వేరే చోట ఒక రాత్రి నిద్ర చేయించాలి. అప్పటిదాకా ఆమె ఇంకొకరి గడప తొక్కకూడదు. రోగానికి జడిసి రాని అన్న, రోగం తగ్గినా రాలేదు. సూరత్‌లో మనవాళ్లుండే నవాగామ్ బస్తీలో నర్సవ్వ అందరి గుమ్మాల బయటే నిలబడి మాట్లాడేది. పక్కింటి బాలవ్వకు జాలి ఉంది కానీ, పట్టింపు అంతకంటే ఎక్కువ.

చలికాలంలో బాలవ్వ కొడుకు పరుశురాం అజంతా గుహలకు జీపు మాట్లాడాడు.

"చిన్నమ్మా, నువ్వు గూడ రా," అన్నాడు నర్సవ్వతో.

"దానికి ఏడాది దాక గుడి లేదురా," అంది బాలవ్వ.

"గుడి కాదవ్వా. బుద్ధుడున్నడు గని పూజ లేదు. టికెటు కొని చూసుడే."

"గట్లయితే రానియ్యి."

కొండ వంపు వెంట గుహలన్నీ ఎక్కిదిగేసరికి మాస్కులో నర్సవ్వకు ఊపిరాడలేదు. ముందు గోడ కూలిన ఒక గుహలో ఆగింది. చుట్టూ చిన్న గదులు, వాటిలో రాతిలోనే తొలిచిన పడకలు. ఇక్కడ సన్నాసులు పండుకునేవారని పరుశురాం చెప్పాడు. నర్సవ్వ ఒక గదిలోకి పోయి ఆ పడక మీద కాస్త నడుం వాల్చింది. భర్త పోయాక అంత ఒళ్లెరగని నిద్ర అదే.

ఇది పండుకునే చోటు కాదు, లెమ్మని కాపలావాడు ఈల ఊదాడు. "మౌసీ, ఉఠో! యే సోనే కీ జగా నహీ!"

"మరి మంచాలెందుకు చెక్కిన్రు?" అన్నాడు పరుశురాం.

నర్సవ్వ నవ్వలేదు. "అక్కా, ఇది నిద్ర కిందికొస్తదా?"

బాలవ్వ ఆలోచించింది. "పగటి నిద్ర గదనే."

"లోపల చీకటే. నా చెయ్యి నాకు కనవడలె."

"పుట్టింటోళ్లు తోల్కపోవాలె."

"నేను తోల్కచ్చిన గద," అన్నాడు పరుశురాం. "నీకు చెల్లె అయితేనే గద నాకు చిన్నమ్మ?"

బాలవ్వ రాతి పడకను అరచేత్తో తడిమి చూసింది. "ఇల్లు ఇడిసినోళ్లకు మైల లేదు. నీ అన్నకన్న గీ సన్నాసులే నయమే పిల్లా. ఎన్నడో పోయిన్రు, అయినా పడక ఇచ్చిన్రు."

నవాగామ్‌లో జీపు దిగగానే, ఎవరూ పిలవకముందే నర్సవ్వ బాలవ్వ ఇంట్లోకి నడిచి, వంటకు ఉల్లిగడ్డలు కోయడానికి కూర్చుంది.

గాజుల స్వరాజ్యం, వయసు అరవై మూడు, ఇప్పుడు ఉండేది సూరత్‌లోని ఉన్ అనే చోట.