బొట్టు పెట్టిన జాకీ స్టాండు

నేను ఒక జాకీ స్టాండును. జాకీ బండిని లేపుతుంది. లేచిన బండిని మోస్తూ నిలబడటం నా పని. లేపినందుకు జాకీని అందరూ మెచ్చుకుంటారు. కింద దూరే మనిషి కూడా నా వంక చూడడు.

గాజువాకలో ఒక షెడ్డులో నన్నూ నా జతనూ వెల్డింగ్ చేశారు. నాలుగు కాళ్లు, నడుమ గొట్టం, ఎత్తు మార్చుకోవడానికి ఒక పిన్ను. మా జంట మోయగలిగేది ఒక టన్ను. ఆ సంగతి మా కాళ్ల మీద అచ్చు గుద్దారు.

తవిటినాయుడు ఓడరేవులో క్రేన్ నడుపుతాడు. తన కారు పని తానే చేసుకోవాలని దుకాణానికి వచ్చాడు. నన్ను నేల మీద పెట్టి ఊపాడు. కాళ్ల మధ్య ఎడం చూశాడు. పిన్ను లాగి చూశాడు. అచ్చు మీది మట్టి గోరుతో గీకి చదివాడు.

"మూడు టన్నులవి ఉన్నాయి, పట్టుకెళ్లండి," అన్నాడు దుకాణదారు.

"మా బండి గుప్పెడుంటాది. మూడు టన్నులెందుకండీ, ఇల్లు లేపడానికా?"

అతని లెక్క సరైనదే. ఆ కారును మేం ఇబ్బంది లేకుండా మోశాం. కొన్నాళ్లకు దాన్ని అమ్మి ఏడుగురు కూర్చునే బండి కొన్నాడు. దానికి సీటు కవర్లు మార్చాడు, పాటల పెట్టె మార్చాడు. మమ్మల్ని మార్చలేదు. ఓడరేవులో బరువెంతో కనుక్కోనిదే పెట్టె ఎత్తడు. ఇంటి దగ్గర ఆ మాటే అడగలేదు. మొదటిసారి ఆ బండి ముందు భాగం మా మీద దించినప్పుడు, నా కాలు గొట్టాన్ని కలిసే చోట వెల్డింగ్ వెంట్రుకవాసి విచ్చింది. చెప్పడానికి నాకు నోరు లేదు.

ఆయుధపూజ వచ్చింది. పూజకు ముందు పనిముట్లకు రంగు వెయ్యడం ఆ ఇంటి అలవాటు. బావమరిది గౌరునాయుడు మా ఇద్దరికీ ఎర్రరంగు రెండు పూతలు వేశాడు.

"సూడు బావా, పెళ్లికొడుకులా లేడూ!"

పగులు కనిపించలేదు. అచ్చూ కనిపించలేదు. తవిటినాయుడి భార్య పైడితల్లి రంగు ఆరకముందే పసుపు రాసి, సరిగ్గా ఆ వెల్డింగ్ మీద బొట్టు పెట్టింది. "మా ఆయన్ని సల్లగా సూడు," అని దండం పెట్టింది. నా వల్ల కాదమ్మా అని చెప్పలేకపోయాను.

ఆదివారం ఇంజన్ ఆయిల్ మార్చాలని బండిని మా మీదికి దించారు. తవిటినాయుడు కిందికి దూరాడు.

"జాకీ తీసేయొరే, సెయ్యాడట్లేదు."

గౌరునాయుడు తీసేశాడు. ఆయిల్ బోల్టు బిగుసుకుపోయి ఉంది. అతను పానా లాగినప్పుడల్లా నేను కదిలాను. రంగు కింద పగులు సాగింది. నాకు తెలిసింది నిలబడటం ఒక్కటే. అదీ నా చేతుల్లోంచి పోతోంది. అతని రొమ్ము నాకు జానెడు దూరంలో ఉంది.

పైడితల్లి టీ తెచ్చింది. గ్లాసులు కింద పెడుతూ నన్ను చూసింది.

"ఓలమ్మో! బొట్టు రెండు ముక్కలైపోనాదేటి?"

"రంగు పెచ్చు లేసుంటాదిలే అక్కా."

"నీ బొట్ల గోల తర్వాత, బోల్టు ఇప్పుడే కదుల్తంది," అన్నాడు కిందనుంచి తవిటినాయుడు.

"బొట్టు పగిలినకాడ నువ్వుండకు. రా బయటికి. నా మీదొట్టు!"

ఆమె అతని కాళ్లు పట్టుకుని లాగింది. తిట్టుకుంటూ వచ్చాడు. గ్లాసు అందుకోబోయేంతలో నా కాలు విరిగింది. బండి కూలబడింది. అతను పడుకున్న చోట గోనెపట్టా ఇంజన్ కింద నలిగిపోయింది.

పైడితల్లి అతని చెయ్యి వదల్లేదు.

తర్వాత ముగ్గురూ మూడు మాటలన్నారు. నాసి వెల్డింగ్ అన్నాడు తవిటినాయుడు. దిష్టి అన్నాడు గౌరునాయుడు. అమ్మవారు కాపాడిందంది పైడితల్లి. రంగు గీకి అచ్చు ఎవరూ చదవలేదు. నన్ను పాతసామాను బస్తాలో వేశారు.

గౌరునాయుడు నా జతను ఎత్తి చూశాడు. "ఇది బాగానే ఉంది బావా. మా సిమెంటు వ్యానుకి పనికొస్తాది, పట్టుకెళ్తాను."

"పట్టుకెళ్లు."

"ఆగరా," అంది పైడితల్లి.

బస్తా చిరుగులోంచి చూస్తున్న నాకు ఆశ కలిగింది. ఆమె లోపలికి వెళ్లి కుంకుమ భరిణె తెచ్చి, నా జతకు కొత్త బొట్టు పెట్టి ఇచ్చింది.